అమ్మడు డ్యూటీలో ఉంది

మే 11

కాలు విరిగింది. బస్సులు పిలిచే మైకు గది ముందున్న మెట్లే, ఇన్నేళ్ళుగా ఎక్కి దిగుతున్నవే. కింద ఇంకో మెట్టు ఉందని కాలు మర్చిపోయింది. మైకు ఆపకుండా లేచినట్టున్నాను, నా కేక బస్టాండంతా వినిపించిందట. గెజిట్ తన ఎంక్వయిరీ కౌంటరు వదిలేసి పరుగెత్తుకొచ్చి, నన్ను లేపకుండా ముందు ఆ సంగతే చెప్పింది. ఆ పేరు పెట్టింది నేనే. ఊరికే పెట్టలేదు.

చీలమండకి రెండు వైపులా ఎముక విరిగిందట. వాపు తగ్గాక ఆపరేషన్ చేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారట. అందాకా ఆసుపత్రి మంచం, కాలి కింద రెండు దిండ్లు.

మా ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే కాబట్టి ఆ కేక అమ్మకీ వినిపించింది. మా ఆయన ప్రెస్సు నుంచి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మంచం దిగి గోడ పట్టుకుని నిలబడి ఉందట. చూపు పోయాక తనంతట తాను మంచం దిగడం ఇదే మొదలు.

మే 12

ఫోనులో అమ్మతో మాట్లాడాను.

"అమ్మడూ, పొద్దున్నుంచీ మైకులో ఎవడో మగాడు అరుస్తున్నాడే. నువ్వెక్కడున్నావు?"

సెక్యూరిటీ గార్డుని కూర్చోబెట్టారట నా కుర్చీలో. ఊళ్ళ పేర్లన్నీ నమిలి మింగేస్తున్నాడట. చాలాసేపు నవ్వాను. అమ్మకి ఇప్పుడు పొద్దున తిన్నదీ గుర్తుండదు, మధ్యాహ్నం వచ్చినవాళ్ళూ గుర్తుండరు. కానీ మొదటి బస్సుకి నేను పలికితే కాఫీ అడుగుతుంది, మధ్యాహ్నం రేవు బస్సుకి పలికితే అన్నానికి లేచి కూర్చుంటుంది. ఆవిడకి గడియారాన్ని నేనే.

మే 15

మత్తు డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. మంచం అంచున కూర్చుని వివరంగా చెప్పింది.

"రెండు పద్ధతులున్నాయమ్మా. నడుం దగ్గర వెన్నులో సూది వేస్తే అక్కణ్ణుంచి కిందంతా మొద్దుబారిపోతుంది, మీరు మెలకువగానే ఉంటారు. లేదంటే పూర్తి మత్తు. అప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వెయ్యాలి. మీ కాలికి మొదటిదే మేలు."

నేను నోరు తెరిచేలోపు గెజిట్ అందుకుంది. "వెన్నులో సూది మాత్రం వద్దే తల్లీ! నా కాన్పుకి వేశారు, ఇప్పటికీ నడుం పట్టేస్తుంది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

"ఆ సూదికి జీవితమంతా ఉండే నడుం నొప్పి రాదండీ. కొందరికి నాలుగు రోజులు తలనొప్పి వస్తుంది, అంతే."

"వాళ్ళు అలాగే అంటార్లే," అంది గెజిట్ నా చెవిలో. డాక్టరమ్మకి వినపడేలాగే అంది.

నా భయం నడుం గురించి ఒక్కటే కాదు. "మెలకువగా ఉంటే చప్పుడు వినిపిస్తుందా?" అని అడిగాను.

"డ్రిల్లు చప్పుడు వినిపిస్తుంది. కావాలంటే చెవుల్లో పాటలు పెడతాం."

చెవులతో బతికేదాన్ని నేను. ఇంజను మోత విని ఏ బస్సు వస్తోందో చెప్పగలను. నా ఎముకని నేను ఉండగానే తొలుస్తుంటే ఆ చప్పుడు జన్మలో మర్చిపోతానా? పూర్తిగా నిద్రపుచ్చేయమన్నాను.

ఆవిడ నా నోరు తెరిపించి చూసింది, మెడ వెనక్కి వంచమంది. "మెడ పొట్టిగా ఉంది, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. గొట్టం వెయ్యడం కాస్త ఇబ్బంది అవుతుంది. ఇంకోసారి ఆలోచించండి," అని, "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగింది.

"బస్టాండులో ఉద్యోగం."

"కూర్చుని చేసేదేనా?"

"ఆఁ."

"అయితే కాలితో ఇబ్బందుండదు. తొందరగానే వెళ్ళొచ్చు."

ఆవిడ వెళ్ళాక ఆయన మెల్లగా అన్నారు, "డాక్టరమ్మ చెప్పిందే విందామేమో." నడుం మీదా నాదా అన్నాను. నా నోటి ముందు నిలబడేంత ఓపిక ఆయనకి ఎప్పుడూ లేదు.

మే 18

ఇవాళే. భయమేం లేదు. నీళ్ళు తాగనివ్వడం లేదు, అదొక్కటే కష్టం.

మే 19

ఏమీ వినిపించలేదు. ముక్కు మీద మాస్కు పెట్టారు, తర్వాత వార్డులో ఉన్నాను. మధ్యలో నేను లేను. అదే కదా కోరుకున్నది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని, "ఫస్ట్ క్లాస్!" అన్నాడు. గొంతులో గరుకుగా ఉందని చెప్పబోతే గాలి తప్ప మాట రాలేదు. గొట్టం ఒకసారికి పడలేదట, మళ్ళీ వేశారట. రెండు రోజుల్లో సర్దుకుంటుందంది నర్సు.

మే 21

గొంతు కాస్త పర్వాలేదు.

మే 22

గొంతు కాస్త పర్వాలేదు. నీళ్ళు తాగుతుంటే పొరపోతోంది.

మే 25

ఇంటికి వచ్చాను. చంకల్లో కర్రలు.

"ఎవరూ?" అంది అమ్మ.

"నేనేనమ్మా."

అమ్మ తల ఇటు తిప్పి చెవి రిక్కించింది. నాకు భయం వేసింది. "గొంతేమిటే అలా ఉంది? జలుబు చేసిందా? చన్నీళ్ళు తాగొద్దంటే వినవు," అంది. హమ్మయ్య అనుకున్నాను. మిరియాలు వేసిన పాలు తాగమంది. తాగాను, సగం పొరపోయింది.

మే 31

గొంతు కాస్త పర్వాలేదు. ఆయన్ని అడిగితే, "అవును, నిన్నటికంటే మేలే," అన్నారు. నా ముఖం చూడకుండా అన్నారు.

జూన్ 9

కాలికి నొప్పే లేదు. బస్సులన్నీ ఒకసారి చదువుదామని కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. "ప్రయాణికులకు మనవి" దగ్గరే ఊపిరి అయిపోయింది. పగిలిన సైకిల్ ట్యూబులోంచి వచ్చినట్టు గాలి.

జూన్ 16

గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, తెర మీద నాకే చూపించాడు. నా గొంతుని నేను చూడటం ఇదే మొదటిసారి. ఇంత చిన్నదా అనుకున్నాను.

"ఈ... అనండి."

అన్నాను. కుడివైపు స్వర తంతువు కదిలి మధ్యకొచ్చింది. ఎడమది కదల్లేదు. మళ్ళీ అనమన్నాడు. కుడిది మళ్ళీ వచ్చి, దానికోసం చూసి, వెనక్కి పోయింది.

"గొట్టం దగ్గర నరం నలిగి ఉంటుంది. అరుదుగా జరుగుతుంది. ఆరు నెలలు, ఏడాది చూద్దాం, కొందరికి దానంతటదే తిరిగొస్తుంది."

"రాకపోతే?" అని ఆయన అడిగారు. నేను అడగలేదు.

"ఒక ఇంజెక్షన్ ఉంది. మాట కొంచెం గట్టిపడుతుంది."

"పాత గొంతు వస్తుందా?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గొంతుకి కసరత్తులు రాసిచ్చాడు.

బయట వరండాలో మత్తు డాక్టరమ్మ ఎదురైంది. కబురు ఆవిడకి ముందే తెలిసినట్టుంది, నా చెయ్యి పట్టుకుంది. నేనేం పని చేస్తానో ఇప్పుడు తెలిసిందట. "అడిగాను కదమ్మా ఆ రోజు. మైకులో మాట్లాడే పనని ఒక్క ముక్క అని ఉంటే కాళ్ళావేళ్ళా పడైనా వెన్ను సూదికే ఒప్పించేదాన్ని." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను బస్టాండులో ఉద్యోగమన్నాను. ఎవరడిగినా అలాగే అంటాను. బస్సులు పిలిచే పని అంటే జనం నవ్వుతారని. ఆవిడ హెచ్చరించింది, నేను వద్దన్నాను, ఇద్దరం మంచికే అనుకున్నాం. ఎవరి తప్పూ కాకపోతే ఈ కోపం ఎక్కడ పెట్టుకోను? ఇంటికొచ్చి ఆయన మీద పెట్టాను. అరవడానికి గొంతు లేదు కాబట్టి గిన్నెలు విసిరాను.

జూన్ 28

కసరత్తులు చేశాను. మార్పు లేదు. మార్పు ఉందేమో.

జూలై 6

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, చెప్పడానికి ఇంకేం లేదు కదా.

అమ్మకి తల దువ్వుతున్నాను. కిటికీలోంచి నా గొంతు వినిపించింది. "ప్రయాణికులకు మనవి. రేవుకి వెళ్ళే బస్సు మూడో ప్లాట్‌ఫాం నుంచి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది." దువ్వెన చేతిలోంచి జారిపోయింది. నా గొంతే. నిండుగా, తొణక్కుండా, 'సిద్ధంగా' దగ్గర నేను ఇచ్చే ఆ చిన్న విరుపుతో సహా. పోయినేడు మేనేజరు ఊళ్ళ పేర్లూ నంబర్లూ మిగతా మాటలూ అన్నీ విడివిడిగా నాచేత చదివించి పెట్టుకున్నాడు, నేను సెలవు పెట్టిన రోజు పనికొస్తాయని. ఇన్నాళ్ళకి కంప్యూటరు వచ్చిందట, వాటిని అందులో అతికించి వాడుతున్నారు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "అదిగో! అమ్మడు డ్యూటీకి వెళ్ళింది! జలుబు తగ్గిపోయింది దానికి!"

ఆ తర్వాత తల నా వైపు తిప్పి, మర్యాదగా అడిగింది. "మరి మీరెవరమ్మా?"

జూలై 7

నేనేనమ్మా అంటే, "పాపం, ఎందుకలా అంటారు? మా అమ్మాయి అక్కడ మాట్లాడుతోంది, వినపడటం లేదూ?" అంటుంది. వినపడుతోంది. రోజంతా వినపడుతోంది.

జూలై 13

ఆయన అమ్మ పక్కన కూర్చుని పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "అత్తయ్యగారూ, ఈమె మీ అమ్మాయేనండీ. ఆపరేషన్‌లో గొంతు మారిపోయింది. అక్కడ వినిపించేది రికార్డింగు."

అమ్మ అన్నీ విని తలూపింది. ఆయన అటు వెళ్ళగానే నాతో గుసగుసగా, "మా అల్లుడు చాలా మంచివాడమ్మా. కూతురికి తీరిక లేదని నేను బాధపడతానేమోనని, నిన్ను జీతానికి పెట్టి కూతురంటున్నాడు," అంది.

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. ఆ నవ్వు కూడా నాది కాదు.

జూలై 20

అమ్మ చెయ్యి తీసుకుని నా ముఖం మీద పెట్టుకున్నాను. నుదురు, ముక్కు, గడ్డం కింద పుట్టుమచ్చ. అమ్మ వేళ్ళు కాసేపు ఆగాయి. అంతలో సిగ్గుపడి చెయ్యి లాగేసుకుంది. "వద్దమ్మా, పరాయివాళ్ళ ముఖం అలా తడమకూడదు."

జూలై 22

చిన్నప్పటి సంగతులు చెప్పాను, ఇంకెవరికీ తెలియనివి. బడి ఎగ్గొట్టి పిండిమర వెనక దాక్కుంటే అమ్మ వచ్చి పట్టుకోవడం, ఇద్దరం తెల్లగా ఇంటికి రావడం. వాక్యానికి మూడు చోట్ల ఊపిరి తీసుకుంటూ చెప్పాను.

అమ్మ పకపకా నవ్వింది. "ఇవన్నీ చెప్పేసిందా నీకు? దాని నోరు ఆగదు!"

ఆగస్టు 4

కర్రలు వదిలేశాను. ఎముకల డాక్టరు నన్ను గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించి, తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళని పిలిచి చూపించాడు. "చూడండి, కుంటు ఉందా?" లేదు. గొంతు సంగతి ఎత్తితే, "అది నా విభాగం కాదమ్మా," అన్నాడు. అవును, నేను ఒక్కో డాక్టరుకి ఒక్కో ముక్కగా ఉన్నాను.

ఆగస్టు 17

డ్యూటీలో చేరాను. మైకు గదిలో కాదు, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గదిలో. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒంటి చెప్పులు. ఎవరైనా వస్తే వేలితో చూపిస్తే చాలు. తల మీద స్పీకరు ఉంది. నేను గొడుగులు సర్దుతుంటే నేనే పైనుంచి బస్సులు పిలుస్తుంటాను. ఒకాయన గొడుగు తీసుకుంటూ, "ఎవరో గానీ, గొంతు భలే ఉంటుందండీ ఈవిడది," అన్నాడు.

సెప్టెంబరు 8

గెజిట్ వచ్చింది. కులాసాగా ఉంది. కౌంటర్లో పాత కుర్చీ తీసేసి కొత్తది వేశారట, ఆ రోజు నుంచి నడుం నొప్పి మాయమైందట. "ఇన్నేళ్ళూ ఆ సూది సూది అని తిట్టుకున్నానే. కుర్చీ అని తెలిస్తే ఎప్పుడో మార్పించుకునేదాన్ని!"

చెబుతూ చెబుతూ నా ముఖం చూసి ఆగిపోయింది. లేచి వెళ్ళిపోయింది. ఆమెని తిట్టడానికైనా ఒక గొంతు కావాలి నాకు.

సెప్టెంబరు 9

ఒక కుర్చీ.

అక్టోబరు 3

గొంతు డాక్టరు మళ్ళీ కెమెరా వేశాడు. ఈసారి తెర చూడలేదు, డాక్టరు ముఖం చూశాను. అక్కడే తెలిసిపోయింది. ఇంజెక్షన్ వేయించుకుంటే పొరపోవడం తగ్గుతుందట, మాట కాస్త వినిపిస్తుందట. "కొత్త గొంతు అనుకోండి," అన్నాడు. కొత్త గొంతు ఎవరికి కావాలి? మా అమ్మకి తెలిసింది ఒక్కటే.

అక్టోబరు 19

అమ్మ బాగా తగ్గిపోతోంది. రోజులో సగం నిద్ర. మెలకువ రాగానే చెవి కిటికీ వైపు పెడుతుంది. నా చేత్తో తినిపిస్తే, "నీ చెయ్యి చల్లగా ఉందమ్మా," అంటుంది. బతికున్న కూతుర్ని పక్కన పెట్టుకుని, కూతురు తీరిక చేసుకుని రావడం లేదని కుమిలిపోతోంది. ఆ స్పీకరు ఉన్నంతకాలం నేను అమ్మకి పుట్టనట్టే. అది ఆగితే తప్ప నేను ఇంట్లోకి రాలేను.

అక్టోబరు 20

మేనేజరుకి కాగితం మీద రాసి ఇచ్చాను: నా గొంతు వాడొద్దు. ఆయన చదివి నొచ్చుకున్నాడు. "మీ గుర్తుగా ఉంచామమ్మా. వద్దంటే తీసేస్తాం. కొత్తమ్మాయి సిద్ధంగానే ఉంది, రేపట్నుంచి మొదలుపెడుతుంది," అన్నాడు. మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైంది. రేపు సెలవు పెట్టాను. రేపు అమ్మ దగ్గర కూర్చుంటాను. చెవి దగ్గర నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

అక్టోబరు 21

పొద్దున్న మొదటి బస్సుకి ఆ కొత్తమ్మాయి పలికింది. చక్కటి గొంతు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వింది.

"ఇది అమ్మడు కాదే."

"నేనిక్కడున్నానమ్మా," అన్నాను చెవిలో.

నా మాట అమ్మకి చేరలేదు. రెండో బస్సు, మూడో బస్సు. ప్రతిసారీ తల ఎత్తి, విని, దించేస్తోంది. రేవు బస్సు కూడా అయ్యాక, పొద్దుటి నుంచీ వదలని గ్లాసు నేల మీద పడేసి నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి అంత బలం ఎక్కడిదో.

"నిజం చెప్పమ్మా. పడిపోయింది కదూ? ఆ రోజు కేక వేసింది. నేను విన్నాను. మీరంతా దాచారు నా దగ్గర. నా పిల్ల పోయింది కదూ?"

లేదమ్మా, లేదమ్మా అంటూనే ఉన్నాను. గాలి వస్తోంది, మాట రావడం లేదు. అమ్మ గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది, నా పేరు పెట్టి ఏడుస్తోంది. నేను చచ్చిపోయినందుకు మా అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చుని కళ్ళు తుడిచాను. అన్నం ముట్టలేదు. ఆయన వచ్చి ఎంత చెప్పినా వినలేదు.

అమ్మని ఆయనకి అప్పజెప్పి బస్టాండుకి పరుగెత్తాను. కాలు ఎక్కడా తడబడలేదు, నడిరోడ్డు మీద పరుగెత్తించింది నన్ను. మేనేజరు ఇంటికి బయలుదేరుతున్నాడు. కాగితం లేదు, చేతులు జోడించి నోటితోనే చెప్పాను. మూడుసార్లు చెబితే గానీ అర్థం కాలేదు ఆయనకి. తిరిగి పెట్టండి. ఎప్పటికీ ఉంచండి.

ఇల్లు చేరేలోపే నా గొంతు వీధంతా వినిపించింది. గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఆయనతో, "అన్నం పెట్టించండి బాబూ, అమ్మడు డ్యూటీలో ఉంది," అంటోంది.

నేనే కలిపి పెట్టాను.

నవంబరు 2

ఇంజెక్షన్ వద్దన్నాను. దేనికి?

నవంబరు 14

సాయంత్రం అమ్మ చాలాసేపు మెలకువగా ఉంది. కాళ్ళు పట్టాను, దుప్పటి సర్దాను. ఆఖరి రేవు బస్సుకి నా గొంతు పలికింది. అమ్మ తృప్తిగా తలూపింది.

"ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. నువ్వింక వెళ్ళమ్మా. పొద్దుపోయింది."

ఉంటానన్నాను.

"నీకు అమ్మ ఉందా?"

ఉందన్నాను. ఆ ఒక్క మాట ఎలాగో బయటికి వచ్చింది.

"మరి ఇక్కడ కూర్చున్నావేం? నువ్వు ఇంకా రాలేదేమా అని చెవులు రిక్కించుకుని ఉంటుందే పాపం ముసలావిడ. కూతుళ్ళకి తెలియదు అది. వెళ్ళు తల్లీ, ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్ళు."

సరేనన్నాను. లేచి అడుగుల చప్పుడు వినిపించేలా గుమ్మం దాకా నడిచాను, తలుపు తీసి మూశాను. ఆ తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. అమ్మ ముఖం గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంది. ఆయన ప్రెస్సు నుంచి వచ్చి దీపం వేసేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.